బ్రిటన్‌లో పోడియాట్రీ విద్యార్థి క్లినికల్ ప్లేస్‌మెంట్: ఎలా సిద్ధపడాలి, ఎలా పనిచేయాలి

బ్రిటన్‌లో పాదాల వైద్యం ఒక ప్రత్యేక వృత్తి. పాదం, చీలమండ, దిగువ కాలికి సంబంధించిన సమస్యలను పరీక్షించి, నిర్ధారించి, చికిత్స చేసే వారిని అక్కడ పోడియాట్రిస్టులు అంటారు. ఈ పేరుకు చట్టం రక్షణ ఇస్తుంది. హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్ రిజిస్టరులో లేనివారు తమను పోడియాట్రిస్టు అని గాని, పాతకాలపు పేరుతో కైరోపొడిస్టు అని గాని చెప్పుకోకూడదు. ఇంగ్లండులో మూడేళ్ల బీఎస్సీ చదివినా, వేరే డిగ్రీ పూర్తిచేసి వెళ్లి రెండేళ్ల ప్రీ-రిజిస్ట్రేషన్ ఎంఎస్సీ చదివినా, కోర్సులో పెద్ద భాగం రోగుల దగ్గరే గడుస్తుంది. సుమారు వెయ్యి గంటల క్లినికల్ అనుభవం అనేది ఈ చదువులో చిరకాలంగా పాటిస్తున్న కొలమానం. అందులో కొంత యూనివర్సిటీ సొంత క్లినిక్‌లోను, మిగిలినది ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్ఎస్ ఆస్పత్రులలో, ఊళ్లలోని కమ్యూనిటీ క్లినిక్‌లలో, కొన్నిసార్లు ప్రైవేటు క్లినిక్‌లలోను జరుగుతుంది. ఇలా రోగుల మధ్య గడిపే శిక్షణ కాలమే ప్లేస్‌మెంట్.

ఫిజియోథెరపీ వంటి చదువులు పూర్తిచేసి అక్కడికి వెళ్లే తెలుగు విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. మన దేశంలో 2021 నాటి నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం తన షెడ్యూలులో పోడియాట్రిస్టును చేర్చింది గాని, ఆస్పత్రులలో ఈ పని ఇప్పటికీ ఎక్కువగా సర్జన్లు, మధుమేహ నిపుణులు, డ్రెస్సింగ్ చేసే నర్సుల మధ్య పంచుకుపోయి ఉంటుంది. అందుచేత పోడియాట్రిస్టు పనిచేస్తుండగా ఒక్కసారి కూడా చూడకుండానే మొదటి ప్లేస్‌మెంట్‌కు వెళ్లే వారు మనవారిలో ఉంటారు. కత్తి పట్టడం ఎలాగో అన్న భయం వారిని ముందుగా పట్టుకుంటుంది. చేతి పనితనం గంటలు పెరిగే కొద్దీ వస్తుంది. చూసిన దాన్ని వరుసగా ఆలోచించి, ఆ ఆలోచనను పక్కనుండి పర్యవేక్షించే ఎడ్యుకేటరుకు పైకి చెప్పే అలవాటు మాత్రం మొదటి రోజు నుంచే ప్రయత్నపూర్వకంగా చేసుకోవలసినది.

వెళ్లే ముందు

ఆక్యుపేషనల్ హెల్త్ (సిబ్బంది ఆరోగ్యం చూసే విభాగం) అనుమతి, హెపటైటిస్ బి టీకాల రుజువు, నేరచరిత్ర తనిఖీ, ప్రాథమిక ప్రాణరక్షణ శిక్షణ పూర్తికానిదే రోగి దగ్గరకు పంపరు. హెపటైటిస్ బి టీకా ఒక్క మోతాదుతో ముగిసేది కాదు. మోతాదుల మధ్య విరామం ఉంటుంది, ఆ తరువాత రక్తపరీక్షతో రక్షణ ఏర్పడిందో లేదో చూస్తారు. కాబట్టి ఇండియాలో ఉన్నప్పుడే మొదలుపెట్టి, తేదీలతో కూడిన ధ్రువపత్రం తీసుకుని వెళ్లడం మంచిది. నేరచరిత్ర తనిఖీకి స్వదేశపు పోలీసు క్లియరెన్సు కూడా అడిగే అవకాశం ఉంది.

దుస్తుల విషయంలో ఎన్‌హెచ్ఎస్ నియమం ఏమిటంటే మోచేతుల కింద ఏమీ ఉండకూడదు. చేతి గడియారం, గాజులు, రాళ్ల ఉంగరాలు, కృత్రిమ గోళ్లు, గోళ్ల రంగు అన్నీ తీసేయాలి. మణికట్టుకు కట్టుకున్న రక్షదారమూ ఈ నియమం కిందికే వస్తుంది; తడిసిన దారం చేతులు సరిగా శుభ్రం కానివ్వదు. మతపరమైన కారణం ఉన్నవారు, మంగళసూత్రం వంటివి ధరించేవారు మొదటి రోజున ఇబ్బందిపడకుండా ముందుగానే ఆ ట్రస్టు (ఆస్పత్రిని నడిపే ఎన్‌హెచ్ఎస్ సంస్థ) యూనిఫారం విధానం ఏమిటో రాసి అడగాలి.

డబ్బు, ప్రయాణం లెక్క కూడా ముందే వేసుకోవాలి. కమ్యూనిటీ క్లినిక్‌లు ఊరి అంచున, బస్సు తక్కువగా వెళ్లే చోట ఉండవచ్చు. భారతీయ డ్రైవింగ్ లైసెన్సుతో గ్రేట్ బ్రిటన్‌లో నివాసం మొదలైన నాటి నుంచి 12 నెలలు కారు నడపవచ్చు. ఆ తరువాత అక్కడి పరీక్ష రాయక తప్పదు. చదువు రోజుల్లో వారానికి 20 గంటల వరకు పార్ట్‌టైమ్ పని చేసే విద్యార్థులు ప్లేస్‌మెంట్ వారాలలో దాన్ని తగ్గించుకోవాలి. రాత్రి గోదాములో నిలబడి, ఉదయం పదునైన బ్లేడుతో ఒక మనిషి పాదం దగ్గర కూర్చోవడం ఎవరికీ క్షేమం కాదు.

మొదటి వారం

ప్లేస్‌మెంట్ చేరిన రోజునే చూసి గుర్తుపెట్టుకోవలసినవి కొన్ని ఉన్నాయి: పదునైన వస్తువులు వేసే పసుపు డబ్బా, అత్యవసర మందుల పెట్టె, డీఫిబ్రిలేటర్, సహాయానికి పిలిచే పద్ధతి. ఎన్‌హెచ్ఎస్ ఆస్పత్రులలో గుండె ఆగిన రోగికి బృందాన్ని పిలిచే లోపలి నంబరు 2222. ఆస్పత్రి బయట ఉన్న క్లినిక్‌లో సాధారణంగా 999కే ఫోన్ చేయాలి.

ఎడ్యుకేటరుతో మొదటి సమావేశంలో మీరు ఇంతవరకు ఏమి చేశారో, ఏమి చూశారో, దేనికి ఇంకా చెయ్యి తిరగలేదో స్పష్టంగా చెప్పండి. మన చదువుల్లో గురువు అడిగే వరకు మాట్లాడకపోవడం మర్యాద. అక్కడ అదే మౌనాన్ని, విద్యార్థికి అర్థం కాలేదనో ఆసక్తి లేదనో అనుకుంటారు. ఎడ్యుకేటర్లు తమను పేరుతోనే పిలవమంటారు. సార్, మేడమ్ అని పిలవడం తప్పేమీ కాదు గాని, ఆ పిలుపుతో పాటు తల ఊపి ఊరుకునే అలవాటు కూడా వస్తే అది రోగికి ప్రమాదం. చెప్పింది వినిపించకపోతే, యాస అర్థం కాకపోతే, వెంటనే మళ్లీ అడగండి. అడిగినందుకు మార్కులు తగ్గవు.

రోగి ముందు మీ పరిచయం మీరే చేసుకోవాలి. 2013లో కేట్ గ్రేంజర్ అనే వైద్యురాలు, తాను క్యాన్సర్‌తో ఆస్పత్రిలో ఉన్నప్పుడు సిబ్బందిలో చాలామంది పేరైనా చెప్పకపోవడం గమనించి, ప్రతివారూ తమ పేరు చెప్పి మొదలుపెట్టాలని ప్రచారం ప్రారంభించారు. ఎన్‌హెచ్ఎస్‌లో అది ఇప్పుడు మామూలు మర్యాదగా మారింది. పేరు, మీరు విద్యార్థి అన్న సంగతి, పర్యవేక్షించేది ఎవరన్న సంగతి చెప్పి, మీరు చూడడానికి వారికి సమ్మతమేనా అని అడగాలి. వద్దంటే నొచ్చుకోకుండా పక్కకు జరగాలి. అది వారి హక్కు.

రోగి మాట వినడం, అంకెలు అర్థం చేసుకోవడం

పాదం చూడక ముందే రోగి మందుల జాబితా చదవాలి. వార్ఫరిన్, అపిక్సబాన్ వంటి రక్తం పలుచన చేసే మందులు, స్టెరాయిడ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మెథోట్రెక్సేట్ వంటివి ఉంటే చిన్న గాయం కూడా మామూలు గాయంలా ప్రవర్తించదు. ఎలర్జీలు అడగడం, ముఖ్యంగా లేటెక్స్, స్థానిక మత్తుమందు, అయోడిన్, అంటుకునే ప్లాస్టర్ల విషయం, ప్రతిసారీ చేయవలసిందే. పాత రికార్డులో లేదు అని ఉన్నంత మాత్రాన సరిపోదు.

ఇండియా నుంచి వెళ్లిన వారికి ఇక్కడ అంకెలతో ఒక చిక్కు ఎదురవుతుంది. మన ల్యాబులు రక్తంలో చక్కెరను డెసిలీటరుకు మిల్లీగ్రాములలో, గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీని శాతంలో ఇస్తాయి. బ్రిటన్‌లో చక్కెరను లీటరుకు మిల్లీమోల్స్‌లోను, హెచ్‌బీఏ1సీని మోల్‌కు మిల్లీమోల్స్‌లోను చెబుతారు. అక్కడి చక్కెర అంకెను 18తో హెచ్చిస్తే మన అంకె వస్తుంది. హెచ్‌బీఏ1సీలో 48 అంటే మన 6.5 శాతం, 53 అంటే 7 శాతం. మధుమేహానికి మందులు వాడే రోగి చక్కెర 4కు తగ్గితే, అంటే మన లెక్కలో 72కు తగ్గితే, పాదం పని ఆపి ముందు దాని సంగతి చూడాలి. క్లినిక్‌లో కూర్చున్న వృద్ధుడు ఉన్నట్టుండి చెమటపట్టి, మాట తడబడితే ఈ అంకె గుర్తుకు రావాలి.

తెలుగు మాట్లాడే రోగి వచ్చినప్పుడు, మీరే దుబాసీగా ఉండమని ఎవరైనా అడగవచ్చు. నమస్కారం చెప్పి, కుదుటపరచడం వరకు మంచిదే. శస్త్రచికిత్సకు సమ్మతి తీసుకోవడం వంటి చోట్ల మాత్రం ట్రస్టు నియమించిన దుబాసీ ద్వారానే మాట జరగాలి. రోగి కొడుకు చేతనో కోడలి చేతనో చెప్పించడం కూడా సరికాదు.

పరీక్ష

రోగి ఒక కాలు చూపించడానికి వచ్చినా, రెండు కాళ్ల బూట్లు, మేజోళ్లు విప్పించాలి. వేళ్ల సందులు, మడమ వెనుక భాగం, గోళ్ల అంచులు చూడాలి. బూటు లోపల చెయ్యి పెట్టి తడమాలి. స్పర్శ పోయిన పాదంతో మేకు మీదనో రాయి మీదనో రోజంతా నడిచిన వారు ఉంటారు. పాఠ్యపుస్తకాలలోని ఎర్రదనం బొమ్మలు ఎక్కువగా తెల్లని చర్మం మీదవి. చామనఛాయ, నలుపు చర్మంపై ఇన్ఫెక్షన్ ఎర్రగా కాక ముదురు రంగులోనో ఊదారంగులోనో కనిపించవచ్చు, లేదా కనిపించకనే పోవచ్చు. అందువల్ల చేతి వెనుక భాగంతో రెండు పాదాల వేడిని పోల్చి చూడడం, రెండో పాదంతో వాపును సరిచూడడం తప్పనిసరి.

పాదం పైభాగాన, లోపలి చీలమండ వెనుక ఉన్న నాడులు వేళ్లకు దొరకాలి. దొరకకపోతే దొరకలేదని రాయాలి. దొరికినట్టు ఊహించుకుని రాయడం విద్యార్థులు చేసే తప్పులలో అన్నిటికంటే ప్రమాదకరమైనది. ఆపైన రక్తప్రవాహాన్ని వినిపించే డాప్లర్ పరికరంతో శబ్దం విని, అది మూడు దశలదా, రెండు దశలదా, ఒక దశదా అని చెప్పాలి. చీలమండ దగ్గర రక్తపీడనాన్ని చేతి రక్తపీడనంతో భాగిస్తే చీలమండ-భుజ సూచిక వస్తుంది. చేతిలో 140, చీలమండలో 98 ఉంటే అది 0.70, 0.9 కంటే తక్కువైతే కాలి ధమనులు ఇరుకైనట్టు అనుమానించాలి. అయితే దీర్ఘకాల మధుమేహంలో ధమనుల గోడలలో సున్నం పేరుకుని గట్టిపడడం వల్ల పట్టీకి అవి నొక్కుకోవు, దానితో సూచిక అసలు కంటే ఎక్కువగా, ఒక్కోసారి 1.3 దాటి కనిపిస్తుంది. అంకె బాగుందని రోగిని పంపేయకుండా, బొటనవేలి పీడనం చూడాలా అని ఎడ్యుకేటరును అడిగే విద్యార్థికి ఈ పరీక్ష అర్థమైనట్టే.

స్పర్శ పరీక్షకు 10 గ్రాముల మోనోఫిలమెంట్ అనే సన్నని నైలాన్ తీగ వాడతారు. ముందు రోగి చేతి మీద తాకించి ఆ స్పర్శ ఎలా ఉంటుందో చూపించాలి. తరువాత కళ్లు మూసుకోమని, పాదం మీద తీగ వంగే దాకా నొక్కి ఒకటి రెండు సెకన్లు ఉంచాలి. ఆనెకాయ మీద పెట్టకూడదు. తాకిన ప్రతిసారీ "ఇప్పుడు తెలిసిందా" అని అడిగితే రోగి మర్యాదకు అవునంటాడు, కాబట్టి తెలిసినప్పుడు వారినే చెప్పమనాలి, తాకే సమయాల మధ్య ఎడం మారుస్తుండాలి. తీగ కూడా అలసిపోతుంది. పది మందికి వాడాక దాన్ని 24 గంటలు పక్కన పెట్టాలి.

ఈ వివరాలన్నీ చేరేది ఒక నిర్ణయానికి. వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2015లో విడుదల చేసి 2019లో సవరించిన మధుమేహ పాద మార్గదర్శకం ప్రకారం, వట్టి ఆనెకాయ తప్ప మరేమీ లేని పాదం తక్కువ ప్రమాదంలో ఉన్నట్టు. పాదం ఆకారంలో వంకర, స్పర్శలోపం, రక్తప్రసరణ లోపం వీటిలో ఒక్కటి ఉంటే మధ్యస్థం. పూర్వం పుండు పడినా, వేలు గాని కాలు గాని తొలగించినా, డయాలసిస్ వంటి మూత్రపిండ చికిత్సలో ఉన్నా, స్పర్శలోపం, రక్తప్రసరణ లోపం రెండూ కలిసి ఉన్నా, వాటిలో ఏ ఒక్కదానికైనా ఆనెకాయో వంకరో తోడైనా అది ఎక్కువ ప్రమాదం. తక్కువ ప్రమాదం ఉన్నవారిని ఏడాదికోసారి, మధ్యస్థులను మూడు నుంచి ఆరు నెలలకు, ఎక్కువ ప్రమాదం ఉన్నవారిని ఒకటి రెండు నెలలకు చూడాలి. పుండు, ఇన్ఫెక్షన్, కుళ్లు వంటివి ఉంటే అది క్రియాశీల పాద సమస్య. ఒక్క పనిదినంలోపు ప్రత్యేక బృందానికి పంపాలి, ప్రాణానికో కాలికో ముప్పు ఉంటే అప్పటికప్పుడే ఆస్పత్రికి. ఈ వర్గాలు కంఠతా వస్తే చాలదు. రోగి గదిలో ఉండగానే, "ఈ పాదం ఎక్కువ ప్రమాదం వర్గం, ఎందుకంటే నాడి దొరకలేదు, ఆనెకాయ ఉంది" అని కారణంతో సహా ఎడ్యుకేటరుకు చెప్పగలగాలి.

ఒక పాదం వేడిగా, వాచి ఉండి, నొప్పి అంతగా లేకపోతే, అందునా స్పర్శ లేని మధుమేహ రోగి అయితే, మరో కారణం రుజువయ్యే దాకా దాన్ని షార్కో పాదంగానే (స్పర్శ పోయిన పాదంలో ఎముకలు, కీళ్లు దెబ్బతినే స్థితి) అనుమానించాలి. రెండు పాదాల మధ్య వేడి తేడా రెండు డిగ్రీల సెల్సియస్ దాటితే అనుమానం బలపడుతుంది. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. అలాంటి రోగిని బెణుకు అనుకుని నడిపించి పంపితే ఎముకలు విరిగి అరికాలు వంపు కూలిపోతుంది. చూసిన వెంటనే, మర్యాదకు ఆగకుండా, ఎడ్యుకేటరును పిలవాలి.

బ్లేడు పని

ముందు కుర్చీ ఎత్తు, మంచం ఎత్తు, దీపం సరిచేసుకోండి. వెన్ను వంచి కూర్చునే అలవాటుతో ఈ వృత్తిలో ఎక్కువ ఏళ్లు నిలవలేరు. ఆనెకాయ తీసేటప్పుడు రెండో చేత్తో చర్మాన్ని బిగువుగా పట్టుకోవాలి; పట్టుకున్న వేళ్లు బ్లేడు వెళ్లే దారిలో ఉండకూడదు. బ్లేడును చర్మానికి దాదాపు సమాంతరంగా ఉంచి ఉల్లిపొరంత పలుచగా తీయాలి. ఒక్కసారిగా లోతుకు వెళ్లాలన్న తొందరే రక్తం తెప్పిస్తుంది. చర్మం మెత్తబడి కింద సహజమైన గీతలు కనిపించగానే ఆగాలి. ఆనెకాయ కింద నల్లటి మరకలా ఎండిన రక్తం కనిపిస్తే అక్కడ పుండు తయారవుతున్నట్టు. ఆపి ఎడ్యుకేటరుకు చూపించాలి. స్పర్శ లేని పాదంలో రోగి "అబ్బా" అని హెచ్చరించడు, రక్తప్రసరణ తక్కువైన పాదంలో చిన్న గాటు కూడా మానదు. అందుకే పైన చెప్పిన పరీక్ష ముగియకుండా బ్లేడు తీయకూడదు.

పనయ్యాక బ్లేడును చేత్తో కాక తొలగించే పరికరంతో తీసి, తీసిన వారే డబ్బాలో వేయాలి. గుచ్చుకుంటే పని ఆపి, గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో కడగాలి, రక్తం కారనివ్వాలి, రుద్దకూడదు, నోటితో పీల్చకూడదు. తరువాత వెంటనే ఎడ్యుకేటరుకు, ఆక్యుపేషనల్ హెల్త్‌కు చెప్పాలి. హెచ్ఐవీ నివారణ మందులు అవసరమైతే గంటల్లో మొదలుపెట్టడం మేలు, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. చిన్నగాటే కదా అని దాచుకునే విద్యార్థి తన ఆరోగ్యంతో జూదమాడుతున్నట్టే. గోళ్లను డ్రిల్లుతో అరగదీసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకుండా మాస్కు, ధూళి పీల్చే యంత్రం వాడాలి.

గోరు శస్త్రచికిత్స చూసే రోజు

గోరు అంచు మాంసంలోకి పెరిగి, చీము పట్టి బాధపడే వారికి గోరులో కొంత భాగం తీసి, తిరిగి పెరగకుండా దాని మూలాన్ని ఫినాల్ అనే రసాయనంతో కాల్చడం పోడియాట్రిస్టులు మామూలుగా చేసే చిన్న శస్త్రచికిత్స. మత్తుమందు మోతాదు లెక్క ముందురోజే సాధన చేయండి. మూడు శాతం మెపివకైన్ అంటే ఒక మిల్లీలీటరులో 30 మిల్లీగ్రాములు, కాబట్టి 2.2 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జిలో 66 మిల్లీగ్రాములు. రోగి బరువును బట్టి గరిష్ఠ మోతాదును క్లినిక్ ప్రొటోకాల్‌లో చూసి, ఎన్ని కార్ట్రిడ్జిలు దాటకూడదో కాగితం మీద వేసి ఎడ్యుకేటరుకు చూపించాలి. రక్తం ఆపడానికి వేలికి కట్టిన పట్టీ, అంటే టోర్నికే, ఎప్పుడు బిగించారు, ఎప్పుడు విప్పారు అన్న సమయాలు రికార్డులో ఉండాలి. కట్టు కింద అది మరిచిపోతే వేలు పోతుంది.

సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవడమే సమ్మతి అనుకోవద్దు. 2015లో మాంట్‌గోమరీ కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు, రోగి స్థానంలో ఉన్న మనిషి ముఖ్యమనుకునే ప్రమాదాలను, అందుబాటులో ఉన్న ఇతర మార్గాలను వైద్యులు చెప్పి తీరాలని తేల్చింది. గోరు మళ్లీ పెరగవచ్చని, మానడానికి వారాలు పడుతుందని, ఇన్ఫెక్షన్ రావచ్చని, అసలు చేయించుకోకపోతే ఏమవుతుందని మామూలు మాటల్లో చెప్పే బాధ్యత ఎడ్యుకేటరు మీకు అప్పగిస్తే, అది మంచి అవకాశం.

రికార్డు, అభిప్రాయం, ముగింపు పనులు

రికార్డు అదే రోజున రాయాలి: రోగి చెప్పింది, మీరు కనుగొన్నది, మీ నిర్ణయం, చేయబోయేది. ఎడమా కుడా, ఎన్నో వేలు, పుండు పొడవు వెడల్పులు మిల్లీమీటర్లలో. పుండు తీవ్రతను సిన్‌బాడ్ స్కోరుతో చెప్పడం అక్కడ వాడుక: స్థానం, రక్తప్రసరణ, స్పర్శ, ఇన్ఫెక్షన్, వైశాల్యం, లోతు ఒక్కోదానికి సున్నా లేదా ఒకటి, మొత్తం ఆరు; మూడు లేదా ఆపైన వస్తే తీవ్రం. ఫొటో క్లినిక్ కెమెరాతో, సమ్మతితోనే తీయాలి. పేరు లేకపోయినా సరే, రోగి పాదం ఫొటో మీ ఫోనులోకో, స్నేహితుల వాట్సాప్ గుంపులోకో వెళ్లకూడదు; దానివల్ల కోర్సు నుంచే తొలగించే పరిస్థితి రావచ్చు.

సగం కాలం గడిచే సరికి ఎడ్యుకేటరు మీ ప్రగతి గురించి కూర్చుని మాట్లాడాలి. వారు పిలవకపోతే మీరే తేదీ అడగండి. "బాగానే ఉంది" అన్న మాటతో తృప్తిపడక, ఏ నైపుణ్యంలో ఏ స్థాయిలో ఉన్నారో, ఉత్తీర్ణతకు ఇంకా ఏమి కనిపించాలో అడిగి రాసుకోవాలి. ఫెయిలయ్యే ప్రమాదం ఉంటే ఆ సంగతి చివరి వారంలో తెలిసి ప్రయోజనం లేదు. తిరిగి ఆలోచిస్తూ రాసే నోట్సులో పొగడ్తలు, పశ్చాత్తాపాలు అక్కర్లేదు; ఫలానా రోగి విషయంలో ఏమి అనుకున్నాను, ఏది తప్పింది, వచ్చేసారి ఏమి మారుస్తాను అన్న మూడు ముక్కలు నిజాయతీగా రాస్తే చాలు. క్లినిక్‌లో రోగి భద్రతకు భంగం కలిగించేది కనిపిస్తే యూనివర్సిటీ ట్యూటరుకు చెప్పడం చాడీ కాదు, విద్యార్థులకు కూడా వర్తించే వృత్తిధర్మం.

గంటల పట్టిక రోజూ నింపి, వారానికోసారి సంతకం చేయించుకోవాలి. జ్వరంతో మానిన రోజులను పూర్తిచేసినట్టు చూపడం అబద్ధపు రికార్డు కిందికే వస్తుంది, రిజిస్ట్రేషన్ దరఖాస్తులో నడవడిక ప్రశ్నకు అది అడ్డు తగులుతుంది. చివరి రోజున, మీరు చూసిన రోగులలో ఎవరి రిఫరల్ ఇంకా వెళ్లలేదో, ఎవరి ల్యాబు ఫలితం రావలసి ఉందో, ఎవరికి ఫోన్ చేస్తామని చెప్పారో ఒక జాబితా రాసి, ఎడ్యుకేటరుతో కూర్చుని ఒక్కొక్క పేరుకు ఇకమీదట బాధ్యులెవరో రికార్డులో నమోదు చేయించి, బ్యాడ్జి అప్పగించి రావాలి.